బోణీ బేరం అప్పు పెట్టకండి

పొద్దున్నే గంప నెత్తిన పెట్టుకుని కూరగాయలమ్మ వస్తుంది. తొలి బేరం దగ్గర ఆవిడ పట్టుదల మీరూ చూసే ఉంటారు. ఓ రూపాయి తగ్గించమంటే తగ్గిస్తుంది. కొసరు అడిగితే గుప్పెడు కొత్తిమీర వేస్తుంది. కాని "రేపిస్తాలే" అని చూడండి, గంప ఎత్తేసుకుంటుంది! "బోణీ కాలేదమ్మా, అప్పు పెట్టకు" అంటుంది. మీరిచ్చిన నోటు కళ్ళకద్దుకుని గాని కొంగున ముడెయ్యదు.

ఆవిడ వాణిజ్యశాస్త్రం చదవలేదు. అయినా వ్యాపారానికి మూలసూత్రం ఆవిడకి కంఠతా వచ్చు. తొలి బేరంలో డబ్బు చేతిలో పడాలి. పడకపోతే అది బేరమే కాదు.

ఈ సూత్రం తెలియనిదల్లా మనబోటి ఇళ్ళలోని ఆడవాళ్ళకే. జాకెట్ల మీద మగ్గం పని నేర్చుకున్న అమ్మాయి, పెళ్ళి అడ్డుతెరల మీద బొమ్మలు వేసే కోడలు, రాఖీలు, పూలదండలు, బొమ్మల కొలువులకి బొమ్మలు చేసే అక్క, వీళ్ళందరికీ తొలి బేరం అప్పే. అప్పు కూడా కాదు లెండి, అప్పయితే ఎప్పటికో ఒకప్పటికి తీరుతుంది. ఇది దానం. పైగా దానం పట్టినవాళ్ళు తామే ఏదో మేలు చేసినట్టు మాట్లాడతారు. ఆ సంగతే నాలుగు మాటలు చెబుదామని కూర్చున్నాను. కోపం వస్తే రానివ్వండి.

మాది ఆదిలాబాదు జిల్లా ఇచ్చోడ. నిర్మల్ నుంచి ఆదిలాబాదు పోయే పెద్దరోడ్డు మా ఊరి మీదుగానే పోతుంది. అది ఒకప్పుడు ఏడో నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 44. శ్రీనగర్‌లో మొదలై కన్యాకుమారి దాకా పోతుంది. పేరుకి దేశమంతా మా గుమ్మం ముందు నుంచే పోతున్నట్టు లెక్క. కాని ఏ లారీ డ్రైవరూ బండి ఆపి, జాకెట్టుకి నెమలి కుట్టించుకోడు గదా! ఇక మిగిలింది ఊరివాళ్ళు. వాళ్ళంతా మనవాళ్ళే. ఒకరు వదినె, ఒకరు చిన్నమ్మ, ఒకరు మా ఇంటాయనతో పనిచేసే సారు గారి భార్య. తెలుగు, మరాఠీ, గోండి, లంబాడీ, ఉర్దూ అన్నీ వినిపించే ఊరు మాది. ఏ భాషలో పిలిచినా వరస పెట్టే పిలుస్తాం.

పట్నంలో దుకాణం పెట్టినవాళ్ళకి తొలి గిరాకీ ఎక్కణ్ణుంచి వస్తుందా అని బెంగ. మా బోటి చిన్న ఊళ్ళలో ఆ బెంగ లేదు. తొలి గిరాకీ పక్కింట్లోనే ఉంటుంది. వచ్చిన చిక్కల్లా ఆవిడ గిరాకీగా రాదు, చుట్టంగా వస్తుంది.

ఎలా వస్తుందో మీకు తెలియంది కాదు.

"ఏం పిల్లా, మగ్గం పని మస్తు చేస్తున్నవంట గద! మా చిన్నదాని పెండ్లి ఉన్నది. గీ జాకెట్టు మీద జర రెండు నెమళ్ళు ఎయ్యి."

"ఏస్త చిన్నమ్మా. మరి పూసలకు, దారానికి..."

"గదేందే, మనోళ్ళ కాడ గూడ లెక్కలేనా? పెండ్లికి వెయ్యి మంది వస్తరు. అందరికీ నీ పేరే చెప్త పో. గంతకన్న ఏం గావాలె నీకు?"

పెళ్ళవుతుంది. వెయ్యి మందీ వస్తారు, భోంచేస్తారు, పోతారు. జాకెట్టు బాగుందే, ఎవరు చేశారని ఒకరిద్దరు అడగనే అడుగుతారు. చిన్నమ్మ ఏమంటుందో తెలుసా? "హైదరాబాద్ల చేయించినం." మరి పెళ్ళి గదా, ఇచ్చోడలో చేయించామంటే నామోషీ!

పది రోజులకి ఇంకో ఇద్దరు వస్తారు. "ఆమెకు ఊర్కెనే ఏసిచ్చినవంట, నాకు పైసలంటవేంది?" అని నిలదీస్తారు. చూశారా, చిన్నమ్మ చెప్పిన ప్రచారం జరగకపోలేదు. ఊరికే చేస్తుందన్న సంగతి ఊరంతా పాకింది. పని బాగా చేస్తుందన్న సంగతి మాత్రం పెళ్ళి పందిరి దాటలేదు.

ఆ జాకెట్టు లెక్క ఒకసారి వేసి చూద్దాం. మగ్గం పనంటే గుడ్డని చట్రానికి బిగించి, ఆరీ సూదితో ఒక్కో పూసా ఒక్కో కుందనూ ఎక్కించడం. మెడ వంచాలి, కళ్ళు చికిలించాలి. జరీ, పూసలు, కుందన్లు కలిపి నాలుగు వందలు అయ్యాయనుకోండి. వంటా వార్పూ అయ్యాక రోజుకి నాలుగు గంటల చొప్పున ఆరు రోజులు కూర్చుందనుకోండి. ఇరవై నాలుగు గంటలు. భయపడుతూ భయపడుతూ వెయ్యి రూపాయలు అడిగిందే అనుకుందాం. ఖర్చు పోను ఆరు వందలు, గంటకి ఇరవై అయిదు రూపాయలు. మనం బేరమాడి ఏడు వందలకి దించామా, గంటకి పన్నెండున్నర. ఊరికే చేయించుకున్నామా, ఆ పిల్ల తన నాలుగు వందలు ఎదురిచ్చి, ఆరు రోజులు మనకి వెట్టి చేసినట్టు. మా జిల్లాలో పత్తి ఏరడానికి పోయే మనిషి కిలోకి ఎంతో ముందు మాట్లాడుకుని గాని చేలో దిగదు. ఆమెని ఎవరూ "మనోళ్ళ చేనే గద, ఊర్కె ఏరు" అనరు. అనే ధైర్యం ఎవరికీ లేదు.

"పత్తి ఏరడమంటే పని. ఇది ఇంట్లో కూర్చుని ఏదో తోచక చేసుకునేది గదా" అంటారు. ఈ మాటకే నాకు ఒళ్ళు మండుతుంది. మన తెలుగుదేశంలోనే గోదావరి ఒడ్డున, నర్సాపురం ప్రాంతంలో లేసు అల్లే ఆడవాళ్ళున్నారు. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన విద్య అది. వాళ్ళల్లిన లేసు ఓడలెక్కి విదేశాలకి పోయింది. జర్మనీ నుంచి మరియా మీస్ అనే సామాజిక శాస్త్రవేత్త వచ్చి, వాళ్ళ మధ్య తిరిగి, 1982లో వాళ్ళ మీద ఒక పుస్తకం వేసింది. అందులో ఆవిడ తేల్చినదేమిటంటే, ఇంటిచాకిరీ కాక రోజుకి ఆరేడు గంటలు లేసు అల్లే స్త్రీలని అందరూ గృహిణులనే లెక్కేశారు. వాళ్ళూ తమని అలాగే అనుకున్నారు. ఖాళీ వేళల్లో చేసుకునే కాలక్షేపానికి కూలేమిటి అన్న ఒక్క మాట అడ్డం పెట్టుకుని వాళ్ళకి దమ్మిడీలు విదిలించి, పై వర్తకులు మేడలు కట్టారు. 'కాలక్షేపం' అన్న మాటకి అంత శక్తి ఉంది. అందుకే పక్కింటి అమ్మాయి పనిని కాలక్షేపం అనేముందు ఒక్క క్షణం ఆగమంటున్నాను.

ఇంకో వాదన ఉంది. ఇది కాస్త గట్టిది. "సంక్రాంతికి సకినాలు చుట్టడానికి ఒకరింటికి ఒకరం పోతాం. డబ్బు తీసుకుంటామా? ఆడవాళ్ళ మధ్య ఈ లెక్కలేమిటి?" అని అడుగుతారు. నిజమే, తీసుకోం. ఇవాళ మీ ఇంటికి నేను వస్తే రేపు మా ఇంటికి మీరొస్తారు. అది బదులుకి బదులు. మగ్గం పనికి బదులేదండీ? ఆ పిల్ల ఆరు రోజులు మీ జాకెట్టు మీద వంగితే, మీరు ఆమె ఇంట్లో ఆరు రోజులు ఏం చేశారు? బదులు లేని చోట సకినాల పోలిక తేవడం సకినాలకే అవమానం.

ఇక అసలు పెద్దల మాటకి వద్దాం. "కొత్తలో ఊరికే చెయ్యాలమ్మా, పేరొచ్చాక డబ్బు అదే వస్తుంది." ఈ సలహా ఇచ్చేవాళ్ళలో ఒక్కరు కూడా తమ తొలి నెల జీతం వదులుకున్నట్టు నేను వినలేదు. అడిగితే మాత్రం మా పక్కనున్న నిర్మల్ కథ చెబుతారు. పొనికి చెక్కతో బొమ్మలు చెక్కి, చింతగింజల గుజ్జుతో, రంపపు పొట్టుతో అతుకులు కప్పి, నిజమైన పండేనేమో అని కొరికేలా రంగులు వేసే నకాషీల ఊరది. ఒకసారి నిజాం నవాబు వచ్చినప్పుడు ఆయన కూర్చునే చోట పైన అరటిపువ్వు ఒకటి చేసి కట్టారట. తాడు లాగగానే రేకులు విచ్చుకుని నవాబు మీద బంగారు తునకలు రాలాయట. నవాబు మురిసిపోయి ఆ కళని పోషించాడని చెప్పుకుంటారు. "చూశావా, ముందు ఊరికే చేసి చూపించారు గనకనే గదా!" అంటారు.

చూశానండీ. నవాబు మెచ్చి పోషించాడు. మన వదినె మెచ్చి ఇంకో జాకెట్టు తెచ్చింది! ఈ రెండూ ఒకటెలా అవుతాయి? ఊరికే చూపించడం తప్పని నేననను. చూసినవాడు కొనగలవాడై ఉండాలి, కొనే ఉద్దేశం ఉన్నవాడై ఉండాలి. నిర్మల్ చిత్రకళకి తర్వాత ఆదరువయినది కూడా అలాంటి మనిషే. హైదరాబాదు సంస్థానానికి ప్రధానిగా చేసిన సర్ అక్బర్ హైదరీ గారి భార్య, లేడీ హైదరీ, ఆ కళాకారులని హైదరాబాదు రప్పించి పని చేసే వీలు కల్పించింది. చేతికి పని, ఆ పనిని చూసి కొనగల ఊరు, రెండూ దొరికాయి. "మీ పేరు చెబుతాలే" అని పంపించేస్తే ఈ రోజు నిర్మల్ బొమ్మ మన షోకేసులో ఉండేదే కాదు. 1955లో నిర్మల్ పనివాళ్ళు సహకార సంఘం పెట్టుకున్నారు. ఒక్కొక్కరూ ఒంటరిగా బేరం చేస్తే ఏమవుతుందో వాళ్ళకి తెలిసే ఉంటుంది.

ఆడవాళ్ళ కథే కావాలంటే లిజ్జత్ పాపడ్ ఉంది. 1959 మార్చి 15న బొంబాయి గిర్‌గాంలో ఏడుగురు గుజరాతీ ఇల్లాళ్ళు ఎనభై రూపాయలు అప్పు తెచ్చుకుని, డాబా మీద కూర్చుని అప్పడాలు ఒత్తారు. తొలిరోజు నాలుగు పొట్లాలు తయారయ్యాయి. ఆ నాలుగూ చుట్టాలకి రుచికి పంచిపెట్టలేదు. భులేశ్వర్ బజారులో తెలిసిన ఒక వర్తకుడికి అమ్మారు. గమనించండి, వాళ్ళ తొలి గిరాకీ కూడా తెలిసినవాడే. కాకపోతే డబ్బిచ్చి కొన్న తెలిసినవాడు. నష్టమొచ్చినా సరే ఎవరి దగ్గరా విరాళం పట్టకూడదని మొదట్లోనే కట్టుబాటు పెట్టుకున్నారు. దానం తీసుకోమన్నవాళ్ళు దానం చెయ్యలేదు కూడా. ఆ ఏడుగురిలో ఒకరైన జస్వంతీబెన్ పోపట్‌కి 2021లో పద్మశ్రీ వచ్చింది. నాలుగు పొట్లాలు ఆ రోజు ఊరికే పంచి ఉంటే రెండో రోజు పిండి ఎక్కణ్ణుంచి వచ్చేది?

సర్కారు సంగతి కూడా అనుకోవాలి. 1982లో డ్వాక్రా మొదలైన నాటి నుంచీ ఆడవాళ్ళకి కుట్లు నేర్పుతున్నారు, అల్లికలు నేర్పుతున్నారు, అప్పులిస్తున్నారు. మంచిదే. కాని శిక్షణ ముగిసిన రోజున సర్టిఫికెట్టు ఇచ్చి ఫోటో తీసి పంపిస్తే సరిపోతుందా? మిషను ఇచ్చే చేతికి గిరాకీ ఇవ్వడం కూడా రావాలి. వస్తుందనడానికి నిదర్శనం ఉంది. 2024లో తెలంగాణలో సర్కారు బడి పిల్లల యూనిఫారాలు కుట్టే పని మహిళా సంఘాలకి అప్పగించారు. ఊళ్ళో ఆడవాళ్ళు కుట్టిన చొక్కా ఊళ్ళో పిల్లలు తొడుక్కున్నారు. ఏడాదికోసారి వచ్చే పనే కావచ్చు. అయినా వంద ఉపన్యాసాల కన్నా ఆ ఒక్క పని మేలు.

భౌగోళిక గుర్తింపులూ అంతే. మా పక్క అడవుల్లో ఉషేగాం వోజరీలు మైనంతో అచ్చు తీసి, ఇత్తడి పోసి దేవతామూర్తులు, గంటలు చేస్తారు. ఆదిలాబాద్ డోక్రా పేరుతో 2018లో వాళ్ళ పనికి గుర్తింపు వచ్చింది. గర్వపడదాం. కాని ఆ గుర్తింపు కాగితం తనంతట తాను వచ్చి గంట కొనదు. కొనాల్సింది మీరూ నేనూ.

పనివాళ్ళ దగ్గరికి ఎలా పోవాలో నేర్చుకోవాలంటే హైదరాబాదు దాకా పోనక్కర్లేదు. మా ఇచ్చోడ మండలంలోనే ఉండి, 2016లో వేరే మండలమైన సిరికొండ ఉంది. పుష్య అమావాస్యకి కేస్లాపూర్‌లో నాగోబా జాతర జరుగుతుందని మీరు వినే ఉంటారు. ఆ పూజలు చేసేది మెస్రం వంశీయులైన గోండులు. జాతరలో వాడే కుండల కోసం వాళ్ళ పెద్దలు ఎడ్లబండి కట్టుకుని సిరికొండ కుమ్మరింటికి వచ్చి పని చెప్పిపోతారు. తరతరాలుగా అదే ఆనవాయితీ. ఇన్ని కుండలు కావాలి, ఫలానా రోజుకి కావాలి అని ముందే మాట. చేతిపనివాడి గుమ్మం దాకా గిరాకీ మర్యాదగా నడిచి రావడమంటే అదీ. మనం బీఏలు, ఎమ్మేలు చదివి, దారిలో కనబడ్డ పిల్ల చేతిలో గుడ్డ కుక్కి "జర ఏసియ్యి" అనడం నేర్చుకున్నాం.

సరే, తిట్టడం అయింది. ఏం చెయ్యాలో కూడా చెప్పకపోతే మీరు ఊరుకోరు.

పని చేసే చెల్లెళ్ళకి ముందు చెబుతాను. ధర మొదటి మాటలోనే చెప్పండి. నెమళ్ళు వేశాక చెప్పే ధర తగాదా అవుతుంది, నెమళ్ళకి ముందు చెప్పే ధర బేరమవుతుంది. సగం బయానా తీసుకోనిదే గుడ్డ చట్రానికి ఎక్కించకండి. కనీసం పూసల ఖర్చయినా ముందు చేతిలో పడాలి. ఎంత తీసుకున్నారో, ఎప్పుడిస్తారో చిన్న చీటీ రాసివ్వండి. చీటీ రాసిన చోట చిన్నమ్మ కూడా గిరాకీ అవుతుంది. వాట్సాప్ స్టేటస్‌లో జాకెట్టు బొమ్మ పెడతారు, కింద రెండు పూల గుర్తులు పెడతారు, ధర మాత్రం పెట్టరు! ధర పెట్టండి. చూసేవాళ్ళకి ఇది సరదా కాదు, వ్యాపారమని తెలుస్తుంది. మీకు మీ మీద గౌరవమూ పెరుగుతుంది. చెప్పిన రోజుకి ఇవ్వండి, ఇది మరీ ముఖ్యం. డబ్బు తీసుకుని తిప్పించుకునే హక్కు మీకూ లేదు. నచ్చినవాళ్ళకి ప్రేమతో ఇవ్వాలనిపించిందా, నిక్షేపంగా ఇవ్వండి. కాగితంలో చుట్టి, బొట్టు పెట్టి, పెళ్ళి కానుకగా ఇవ్వండి. కానుకని కానుక అనండి, బేరాన్ని బేరం అనండి. రెండూ కలిపితే చుట్టరికమూ చెడుతుంది, వ్యాపారమూ చెడుతుంది.

"అలా ధర చెబితే ఉన్న చిన్నమ్మ కూడా పోతుందేమో" అని మీకు భయం. పోతే పోనివ్వండి. ఊరికే అయితే వచ్చి, డబ్బంటే పోయే మనిషి మీ గిరాకీ ఎప్పుడూ కాలేదు. ఆవిడ పోవడం వల్ల మీకు ఆరు రోజులు, నాలుగు వందల రూపాయలు మిగిలాయి. ఆ ఆరు రోజుల్లో మంచి నమూనా ఒకటి చేసి గోడకి తగిలించండి. నమూనా మీ గోడ మీద ఉంటే రేపు పదిమంది చూస్తారు. వాళ్ళ బీరువాలో ఉంటే ఎవరు చూస్తారు?

ఇక కొనే అక్కలకి, వదినెలకి. మనలో ప్రతి ఒక్కరం ఎవరో ఒకరికి తొలి గిరాకీ అయ్యే వయసుకి వచ్చాం. చేతిలో నాలుగు డబ్బులున్నాయి. పట్నం దుకాణంలో అద్దాల వెనక వేలాడే జాకెట్టుకి అడిగినంతా ఇస్తాం, కార్డు గీకి వస్తాం, అక్కడ నోరు పెగలదు. బేరమాడే నోరంతా మన వీధి పిల్ల ముందరే లేస్తుంది. బేరమాడొద్దని అనను, మనం ఆడవాళ్ళం, అది మన జన్మహక్కు. ఓ యాభై తగ్గించుకోండి. కాని మిగిలినది అప్పటికప్పుడు ఇవ్వండి. ఎవరు చేశారని అడిగితే పేరు చెప్పండి, ఊరు చెప్పండి, "ఇంత తీసుకుంది, ఆ పనికి తక్కువే" అని ధర కూడా చెప్పండి. రెండో గిరాకీని తెచ్చేది అలాంటి మాటే.

మన ఇంట్లో పిల్లకీ రేపు ఏదో ఒక విద్య వస్తుంది. బొమ్మలు వేస్తుందో, కుడుతుందో, మట్టితో ఏదో చేస్తుందో. అప్పుడు వీధి వీధంతా చిన్నమ్మలై ఆ పిల్ల గుమ్మంలో నిలబడితే మనకి ఎలా ఉంటుంది? ఆ రోజు వచ్చే లోపల ఊరి అలవాటు మార్చాలంటే ఈ రోజు మనం పక్కింటి గుమ్మంలో పర్సు తీయాలి. చుట్టరికానికి వచ్చిన లోటేమీ లేదు. పెళ్ళికి పిలుస్తారు, పసుపు కుంకుమ ఇస్తారు, కడుపునిండా భోజనం పెడతారు. జాకెట్టుకి మాత్రం డబ్బు తీసుకుంటారు.